నీరెండలో ఐరిస్ మొగ్గ

పక్కింటి టీచరుగారు పోయిన సంగతి నాకు మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. మోటారు పనిచేయడం లేదన్న మెసేజీకీ, లిఫ్టు మనిషి రేపు వస్తాడన్న మెసేజీకీ మధ్యన ‘పక్కింటి టీచర్ గారు ఎక్స్‌పైర్డ్’ అని ఒక్క లైను. మందుసీసాల మీద రాసే మాట. దాని కింద వరసగా దణ్ణాల బొమ్మలు. ఆ బొమ్మలు పెట్టినవాళ్ళలో సగం మందికి ఆవిడ ముఖం కూడా సరిగ్గా తెలియదు. నాకు ముందు కోపం వచ్చింది. ఏడుపు తరవాత వచ్చింది, ఆఫీసులో ఫైలు ముందు పెట్టుకుని కూర్చున్నాక.

ఆవిడ నాకు చుట్టం కాదు, నాకు పాఠం చెప్పినవారూ కాదు. ధవళేశ్వరంలో మా అపార్ట్‌మెంటుకి ఉత్తరం పక్కన ఒక పెంకుటిల్లు, దాని ముందు చిన్న తోట, ఆ తోటలో ఆవిడ. మిషను బడిలో ఏళ్ళ తరబడి సైన్సు చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఒకసారి చనువు కొద్దీ అడిగితే “ఖాళీ దొరకలేదమ్మా” అన్నారు. వీధి వీధంతా టీచరుగారనే పిలిచేది, నేనూ అలాగే పిలిచాను. ఆవిడ అసలు పేరు మొదటిసారి శవపేటిక మీద చదివాను. దాన్ని ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు. ఆ పేరుతో పిలిస్తే ఆవిడ పలికేవారు కాదేమో.

మేం ఫ్లాటు కొనుక్కుని దిగిన కొత్తలో ఒక పొద్దున రెండో అంతస్తు బాల్కనీలోంచి కిందికి చూశాను. తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ ఒకరు తల పైకెత్తి మా మేడనే చూస్తూ నిలబడి ఉన్నారు. పలకరించడం మర్యాద కదా అని “నమస్కారమండి, మేం కొత్తగా వచ్చాం” అన్నాను.

“తెలుసమ్మా. మీ నీడ ముందే వచ్చింది” అన్నారు.

నాకు చురుక్కుమంది. లోపలికి వెళ్ళి మా ఆయనతో, పక్కావిడ నోరు మంచిది కాదని చెప్పాను కూడా. అది దెప్పడం కాదని తరవాత తెలిసింది. ఆవిడ ఉన్నమాట ఉన్నట్టు చెప్పే మనిషి. మా మేడ లేచింది, నీడ పడింది, ఆ మాటే అన్నారు. ఎవరినీ తిట్టలేదు, ఎవరి మీదా ఫిర్యాదు కాగితం పెట్టలేదు. నాకైతే ఆవిడ నాలుగు తిట్లు తిట్టి ఉంటేనే తేలిగ్గా ఉండేది.

ఎందుకంటే ఆ తోట ఏమైపోయిందో రోజూ పైనుంచి చూసేదాన్ని నేనే. అంతకుముందు అక్కడ గులాబీలు, చామంతులు, బంతులు విరగబూసేవట. మాకు తూర్పున ఇంకో మేడ కూడా వచ్చింది. రెండు మేడల మధ్య సందులోంచి పొద్దుటి పూట కాసేపు ఏటవాలుగా ఎండ పడేది. ఆ తరవాత రోజంతా నీడే. గులాబీలు ఎండ కోసం మెడలు సాచి సాచి, ఈనెల్లాగా సన్నబడి, పూయడం మానేశాయి. చామంతి ఆకు వేసేది, మొగ్గ వేసేది కాదు. రెండు చలికాలాలు తిరిగేసరికి తోటలో క్రోటన్లు, ఫెర్నులు తప్ప మరేమీ మిగల్లేదు.

తోట పోతే పోయింది, వయసైపోయినావిడ, ఏదో కాలక్షేపం అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. అది కాలక్షేపం కాదు. ఆ వీధి చివర వాళ్ళ లూథరన్ చర్చి ఉంది. వాళ్ళు దాన్ని గుడి అనే అంటారు. అక్కడ బలిపీఠం మీద సిలువకి అటొకటి ఇటొకటి పొడుగాటి ఇత్తడి పూలకుండీలు ఉంటాయి. ప్రతి ఆదివారం వాటిలోకి పూలు ఈ తోటలోంచే వెళ్ళాలి. వాళ్ళమ్మగారు మొదలుపెట్టిన పని. అమ్మ పోయిన వారం కూడా ఆ పని ఆగలేదని ఆవిడే చెప్పారు. అమ్మని సమాధి చేసి వచ్చి, శనివారం సాయంత్రం చామంతులు కోసి, ఆదివారం పొద్దునే కుండీల్లో పెట్టారట.

“పూలమార్కెట్లో కొనొచ్చు కదండీ” అన్నాను, తెలియనితనం కొద్దీ.

“కొని పెట్టేవాళ్ళు పెడతారమ్మా, తప్పేం లేదు. నేను పూయించినవి పెడతానన్నాను. పూయించలేకపోతే పెట్టలేనని చెప్పాలి. కొనుక్కొచ్చి నేను పూయించినట్టు పెట్టకూడదు” అన్నారు.

పూలు ఆగిపోయాక సంఘ పెద్దలు గుడ్డపూలు కొన్నారు. ఉతుక్కోవచ్చని, ఏడాది పొడుగునా అలాగే ఉంటాయని వాళ్ళకి సంతోషం. టీచరుగారు వాళ్ళతో వాదించలేదు. ఒక కుండీ మాత్రం తనకి వదిలిపెట్టమని అడిగారు. అప్పట్నుంచి సిలువకి ఒక పక్కన ఎర్రటి గుడ్డ గులాబీలు, రెండో పక్కన టీచరుగారి క్రోటన్ ఆకులు. “ఆకులేంటండీ టీచరుగారూ, మేకలు వస్తాయి” అని ఎవరో వేళాకోళమాడారట. నాకు చెప్పి ఆవిడే నవ్వారు. నవ్వాక చాలాసేపు ఫెర్ను కుండీలో ఎండుటాకులు ఏరుతూ కూర్చున్నారు. ఇంక తను పోయేలోగా గుడిలో ఆ ఇత్తడి కుండీలో తన తోటలో పూసిన పువ్వు ఒక్కటైనా పెట్టాలన్నది ఆవిడకి పట్టుకుంది. ఒక్కటి చాలు. అంతకు మించి ఆవిడ దేనికీ ఆశపడగా నేను చూడలేదు.

“నీడలో పూసేవి ఉంటాయమ్మా. ఉన్న ఎండకి సరిపడే మొక్కని వెతుక్కోవాలి గానీ, మొక్క కోసం ఎండని పట్టుకురాలేం కదా” అని, ఒక ఆదివారం గుడి అయ్యాక నన్ను కడియం నర్సరీలకి తీసుకెళ్ళమన్నారు. స్కూటీ మీద తీసుకెళ్ళాను. నా వెనక కూర్చుని, ఒక చేత్తో నా భుజం, ఇంకో చేత్తో తన గొడుగు పట్టుకుని, కాలవగట్టు పొడుగునా నాకు చెట్ల పేర్లు చెబుతూనే ఉన్నారు. నేను గుంటలు తప్పిస్తూ ‘ఊ’ కొట్టాను.

నాలుగైదు నర్సరీలు తిరిగాం. నీడ అనగానే అందరూ ఆకుమొక్కలే చూపించారు. “ఆకులు నా దగ్గర ఉన్నాయి నాయనా” అని ఓపిగ్గా చెప్పేవారు. చివరికి ఒకచోట షేడ్‌నెట్ కింద, ఒక మూల, కత్తుల్లాంటి ఆకులతో నడుం ఎత్తున ఉన్న మొక్కలు కనిపించాయి. అల్లం కొమ్ముల్లాంటి దుంపలు మట్టి మీదికి తేలి ఉన్నాయి. టీచరుగారు అక్కడే ఆగిపోయారు.

“ఇది ఐరిస్ కదూ?”

“అవునండి. బయట నుంచి లోడులో వచ్చిందండి. పొడుగు రకం, ఊదా పువ్వు” అన్నాడు నర్సరీ ఆయన. “కానీ మేడమ్‌గారూ, మన దగ్గర పూస్తుందో లేదో నేను గ్యారంటీ ఇవ్వనండి. చల్లటి చోటు మొక్క. ఆకు మాత్రం బెమ్మాండంగా ఉంటుందండి.”

“నీడ తట్టుకుంటుందా?”

“సగం నీడ తట్టుకుంటుందండి. పొద్దుటెండ మాత్రం తగలాలి. మిట్టమధ్యాహ్నం ఎండ తగిలితే మాడిపోద్దండి.”

టీచరుగారు నా వైపు తిరిగి “మన తోటే” అన్నారు. ఆ ‘మన’ అన్నమాట నాకు ఇప్పటికీ వినిపిస్తూ ఉంటుంది. నీడ నాది, తోట ఆవిడది, రెండూ కలిపి మనది చేసేశారు.

ఇంటికి తెచ్చి ముందు కుండీల్లో పెట్టారు. ఎక్కడ ఎంతసేపు ఎండ పడుతుందో తెలిశాకే నేలలో నాటాలని ఆవిడ పట్టుదల. చూపు మందగించింది, నేల మీద వెలుతురూ నీడా ఆవిడకి కలిసిపోయేవి. అందుకని నేను పైన బాల్కనీలో కాఫీ గ్లాసుతో నిలబడాలి, ఆవిడ కింద చేతిలో పెంకుముక్కలు పట్టుకుని నిలబడాలి.

“ఎక్కడిదాకా వచ్చిందమ్మా?”

“మీ కుడికాలు దగ్గరికండి. ఇంకొంచెం ముందుకి. ఆఁ, అక్కడే.”

అక్కడొక పెంకుముక్క గుచ్చేవారు. కాసేపాగి మళ్ళీ అడిగేవారు. ఆ చలికాలమంతా నేను ఆఫీసుకి తయారవుతూ మధ్యమధ్యలో బాల్కనీలోకి పరుగెత్తి ఎండ చెప్పి వచ్చేదాన్ని. తల దువ్వుకుంటూ చెప్పాను, పళ్ళు తోముకుంటూ కూడా చెప్పాను. మా ఆయన ‘క్రికెట్ కామెంట్రీ’ అని ఏడిపించేవారు. చివరికి తోటలో పెంకుముక్కల మధ్య చాపంత చోటు తేలింది. ఎండ ఎక్కువసేపు నిలిచేది ఆ ఒక్క చోటే. పడమటి గోడకి సున్నం కొట్టించారు. “ఎండ గోడకి తగిలి వెనక్కి వస్తుందమ్మా. అదే ఎండని రెండోసారి వాడుకోవచ్చు” అన్నారు.

ఆ ఎండకి కూడా అడ్డం వచ్చింది. మా మూడో అంతస్తు మూల ఫ్లాటులో ఉండే ఆవిడ రోజూ పొద్దునే రగ్గులూ దుప్పట్లూ బాల్కనీ మీదుగా సందులోకి వేలాడేసేవారు. వాటి నీడ సరిగ్గా ఆ చాపంత చోటు మీదే పడేది. పై అంతస్తువాళ్ళకి నా మాట వినే అలవాటు లేదు. టీచరుగారే మెట్లెక్కి వచ్చారు. లిఫ్టు ఉంది కదండీ అంటే, తలుపులు దగ్గరికొస్తుంటే భయమన్నారు. ఆయాసపడుతూ మూడో అంతస్తు చేరి, తలుపు తీసిన ఆవిడతో “మీ దుప్పట్లు చాలా తెల్లగా ఉతుకుతారమ్మా” అని మొదలుపెట్టారు. అరగంట తరవాత బయటికొచ్చేసరికి దుప్పట్లు డాబా మీదికి వెళ్ళాయి. ఏం మాట్లాడారని అడిగితే, ఆవిడ మోకాళ్ళ నొప్పుల గురించి విన్నానని చెప్పారు. ఆ తరవాత ఎవరైనా సందులోకి బట్ట వేలాడేస్తే ఆ మూడో అంతస్తు ఆవిడే కేకలేసేవారు.

ఆ వేసవిలో టీచరుగారు తునిలో ఉన్న తమ్ముడిగారి ఇంటికి, మేనకోడలి పెళ్ళికని వెళ్ళారు. ఎండలు తగ్గాక నాటుదామని మొక్కల్ని అప్పటికింకా కుండీల్లోనే ఉంచారు. ఎండలు ముదిరిపోయాయి. కుండీల్ని మా ఆయనకి అప్పగించారు. రెండు రోజులకి అక్కణ్ణుంచి ఫోను చేసి, ఆ పెళ్ళి బాజాల మధ్య గట్టిగా అరిచి చెప్పారు. “బాబూ, ఐరిస్ కుండీలు నీరెండలో పెట్టు. మర్చిపోకు, నీరెండలో.”

మా ఆయన నర్సరీ క్లాసు నుంచీ ఇంగ్లీషు మీడియం. ఆ మాట ఎప్పుడూ విన్న పాపాన పోలేదు. అలాగేనండి అన్నారు. నీరు, ఎండ. రెండూ కావాలన్నమాట అనుకుని, కుండీలన్నీ మోసుకుని డాబా మీదికెళ్ళి, ప్లాస్టిక్ టబ్బుల్లో నీళ్ళు పోసి, వాటిల్లో నిలబెట్టారు. రోహిణీకార్తె ఎండ. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి టబ్బుల్లో నీళ్ళు స్నానానికి కాచినట్టు ఉన్నాయి. ఆకులు ఉడికిన తోటకూర కాడల్లా వాలిపోయాయి. చెప్పింది చెప్పినట్టే ఎలా చేశానో చూడు అని గర్వంగా నిలబడ్డారు మా ఆయన. నాకు ఆ మనిషిని కొట్టాలో నవ్వాలో తెలియలేదు.

టీచరుగారు వచ్చారు. మా ఆయన తల వంచుకుని విషయం చెప్పారు. ఆవిడ ఒక్కో దుంపా చేత్తో నొక్కి చూశారు. అన్నీ మెత్తగా కుళ్ళిపోయాయి. ఒక్క దుంప మాత్రం గట్టిగా ఉంది.

“నువ్వేం తప్పు చెయ్యలేదులే బాబూ. నేను నీరెండ అన్నాను, నువ్వు నీరూ ఇచ్చావు, ఎండా ఇచ్చావు” అన్నారు. తరవాత తరగతిలో చెప్పినట్టే చెప్పారు. “నీరెండంటే పొద్దుటెండ, సాయంత్రపుటెండ. కొట్టని ఎండ. చెయ్యి పెడితే వెచ్చగా తెలియాలి, కాలకూడదు. సరేనా?” మా ఆయన బుద్ధిగా తలూపారు. ఆ మాట ఆయన జన్మలో మర్చిపోరు.

నవ్వుతూనే చెప్పారు గానీ, ఆ సాయంత్రం నేను పైనుంచి చూశాను. కుళ్ళిన దుంపల్ని గోతిలో వేసి మట్టి కప్పి, చాలాసేపు అక్కడే ముక్కాలి పీట మీద కూర్చున్నారు. ఒంటరిగా బతికే మనుషుల దిగులు పైనుంచి చూస్తే ఎక్కువ కనిపిస్తుంది. కిందికి వెళ్దామనుకున్నాను. మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

మిగిలిన ఒక్క దుంపనీ పెంకుముక్కల మధ్య నేలలో నాటారు. గోదావరి ఇసుక కలిపి మట్టిని గట్టులా ఎత్తు చేశారు. దుంప వీపు బయటికి కనిపించేలా పైపైన పెట్టారు. “లోతుగా పెడితే కుళ్ళిపోతుందమ్మా. దానికీ ఎండ తగలాలి” అన్నారు. పేడ ఎరువు వెయ్యనివ్వలేదు. నీడలో ఎరువు ఎక్కువైతే ఆకే వేస్తుందట, పువ్వు ఊసెత్తదట. వానాకాలంలో నీళ్ళు నిలవకుండా చుట్టూ చిన్న కాలవలా బోదె తీశారు. ఈ మాటలన్నీ ఎవరికైనా పనికొస్తాయని రాస్తున్నాను. నాకు మాత్రం ఇవి మొక్క సంగతులుగా గుర్తు లేవు. వేలి గోళ్ళలో మట్టితో, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలతో, ఒక్కో మాటా అంటూ నా ముఖంలోకి చూసి అర్థమైందా లేదా అని ఆగే ఆవిడ గుర్తున్నారు.

ఆ చలికాలం ఆకులొచ్చాయి. విసనకర్రలా విచ్చుకుని, ఎత్తుగా, నిగనిగలాడుతూ. పువ్వు రాలేదు. టీచరుగారు రెండు ఆకులు కోసి గుడి కుండీలో పెట్టారు. మరుసటి ఏడు, పోయిన చలికాలం, మళ్ళీ అంతే అనుకున్నాం. ఆవిడ అప్పటికే బాగా నీరసించారు. ఉదయం పూట దగ్గు పైదాకా వినిపించేది. “డాక్టరుకి చూపించుకోండి టీచరుగారూ” అంటే, “చూపించుకుంటాలే. ముందు దీని సంగతి తేలనీ” అనేవారు. నాకు విసుగొచ్చి గట్టిగా కేకలేసిన రోజులున్నాయి. వినేవారు కాదు.

శివరాత్రి దగ్గర పడుతుండగా ఒక పొద్దున కింద నుంచి కేక. “అమ్మాయ్! దిగిరా!”

ఆవిడ అంత గట్టిగా పిలవడం నేనెప్పుడూ వినలేదు. పడిపోయారేమోనని చెప్పులు లేకుండా పరుగెత్తాను. ఆకుల మధ్య నుంచి కాడ లేచింది. నిటారుగా, నా నడుం దాటి, కొసన సన్నటి మొగ్గతో. టీచరుగారు నా చెయ్యి పట్టుకున్నారు.  “ఒక్కటే మొగ్గ. చాలు” అన్నారు.

రోజూ చూశాం. మొగ్గ లావెక్కింది. శనివారానికి కొసన వెంట్రుకవాసి ఊదారంగు తొంగిచూసింది, అంతే. మిగతాదంతా ఇంకా పచ్చగా బిగుసుకునే ఉంది. ఆ సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి టీచరుగారు కత్తెర పట్టుకుని దాని ముందు నిలబడి ఉన్నారు.

“అయ్యో, ఇప్పుడే కోస్తున్నారేంటండి! ఎల్లుండికల్లా పూస్తుంది. ఉంచండి, చెట్టు మీదే చూద్దాం.”

“రేపు దాటితే లాభం లేదమ్మా. బుధవారం నుంచి శ్రమల కాలం. మా గుడిలో ఈస్టరు దాకా పూలు పెట్టం, కుండీలు తీసేస్తాం. ఈస్టరుకి ఇది ఉండదు.” కత్తెర కాడకి ఆనించి, “నేనూ ఉంటానో లేదో” అన్నారు.

“అలాంటి మాటలు అనకండి.”

“మాటలకేముందమ్మా. రేపు పొద్దుటికి విచ్చుకుంటుందేమో చూద్దాం.”

కోశారు. కత్తెర చప్పుడు నాకు మంచిగా అనిపించలేదు. రాత్రంతా గోరువెచ్చటి నీళ్ళలో ఉంచుతానన్నారు, వెచ్చదనానికి మొగ్గ కదులుతుందట.

ఆదివారం ఆవిడకి, గుడి నుంచి ఇంటికి తెచ్చుకున్న ఇత్తడి కుండీ మోసే ఓపిక లేదు. నేను మోశాను. నేను చర్చి లోపలికి వెళ్ళడం అదే మొదలు. తెల్లటి గోడలు, చెక్క బల్లలు, తూర్పు కిటికీలోంచి వచ్చే ఎండ. మొగ్గ విచ్చుకోలేదు. సిలువకి ఒక పక్కన గుడ్డ గులాబీల గుత్తి, రెండో పక్కన ఒంటరిగా పచ్చటి కాడ. కుండీ పెట్టి వస్తుంటే ముందు వరసలో ఒకావిడ నవ్వుతూ అడిగారు, “ఏంటండీ టీచరుగారూ, ఉల్లికాడ పెట్టారా?”

టీచరుగారు కూడా నవ్వారు. వచ్చి నా పక్కన కూర్చున్నారు. పాటలప్పుడు లేచి నిలబడలేకపోయారు. వాళ్ళ పాస్టరు అయ్యగారు ప్రసంగం చెప్తున్నంతసేపూ ఆవిడ కళ్ళు ఆ కాడ మీదే ఉన్నాయి. నేనూ అటే చూశాను. మా దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను, వాళ్ళ గుడిలో కూర్చుని. ఆరాధన అయిపోయింది, జనం వెళ్ళిపోయారు, మొగ్గ మొగ్గలాగే ఉంది. గంట కొట్టే పెద్దాయన తలుపులు మూస్తానని వచ్చి నిలబడ్డాడు. అప్పుడు లేచారు.

 ఇంటికొచ్చాక ఆవిడ ఒళ్ళు జ్వరంతో కాలిపోయింది. సాయంత్రానికి ఊపిరి అందలేదు. నేనూ మా ఆయనా రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. తుని నుంచి తమ్ముడిగారు వచ్చి మంచం పక్కనే ఉండిపోయారు. ఆఫీసు అయ్యాక నేను వెళ్ళేదాన్ని.

ఒకరోజు ముక్కుకి పెట్టిన ఆక్సిజన్ గొట్టం తీసి ఉంచినప్పుడు నన్ను దగ్గరికి రమ్మన్నారు.

“తొందరపడ్డానమ్మా. మరీ పచ్చి మొగ్గ. అది ఇంక విచ్చుకోదు. చెట్టు మీదుంటే పూసేది. ఇటు చెట్టుకీ కాకుండా, అటు గుడికీ కాకుండా చేశాను.”

“దుంప ఉంది కదండీ. వచ్చే ఏడు మళ్ళీ పూస్తుంది.”

“దానికి వచ్చే ఏడు ఉంటుందిలే. నాకే...” అని, నవ్వబోతే దగ్గు వచ్చింది.

నాకు తెలిసి ఆవిడ తన గురించి చెడ్డగా చెప్పుకున్నది ఆ ఒక్కసారే. బడిలో ఎంతమంది తప్పుల్ని దిద్ది ఉంటారో, మా ఆయన తప్పుని ఎంత నవ్వుతూ దిద్దారో నేను చూశాను. తన తప్పు మాత్రం తనకి దిద్దుకోవడం రాలేదు. మొగ్గని పాడుచేశాననే బాధతోనే ఆవిడ వెళ్ళిపోయారు.  చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, అంతే.

సమాధి కార్యక్రమానికి అదే గుడికి వెళ్ళాను. శ్రమల కాలం కదా, బలిపీఠం మీద కుండీలు లేవు. సిలువ ఒక్కటే ఉంది. ఎవరికి తోచిన దండ వాళ్ళు పేటిక మీద వేశారు, అన్నీ మార్కెట్‌వే. మా అపార్ట్‌మెంటు నుంచి మూడో అంతస్తు ఆవిడ, మేమిద్దరం, అంతే వచ్చాం. మట్టి పోసేటప్పుడు మా ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

అందరూ వెళ్ళిపోతుంటే, గంట కొట్టే పెద్దాయన గేటు దగ్గర నా పక్కకి వచ్చాడు. “తమరే కదండీ ఆ వారం టీచరుగారితో కుండీ పట్టుకొచ్చింది?”

అవునన్నాను.

“భలే పువ్వండి అది! నేనలాంటిది చూళ్ళేదు.”

నాకు అర్థం కాలేదు. “ఏ పువ్వు?”

“అదేనండి, ఆ పచ్చకాడ. సోమవారం పొద్దున్న ఊడుద్దామని తలుపు తీశానా, ఇంతెత్తున ఇచ్చుకునుందండి. ఊదారంగు, మధ్యలో పసుపు చార. కిటికీ ఎండ దాని మీద పడతా ఉంది. ఆయ్, నేను చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.”

“టీచరుగారికి చెప్పారా?”

“ఆసుపత్రిలో ఉన్నారన్నారు కదండీ. పూస్తుందని ఆవిడకి తెలిసే ఉంటుందిలే అనుకున్నాను. ఇంటికొచ్చాక నేనే చెబుదామనుకున్నాను.” ఆయన ముఖం మారిపోయింది. “ఆవిడకి తెలీదాండీ?”

నేను తల అడ్డంగా ఊపాను. 

“బుధవారానికి కుండీలు ఉండకూడదు కదండీ. మంగళవారం సాయంత్రం తీసేశాను. అప్పటికీ బాగానే ఉందండి, వాడలేదు” అన్నాడు.

ఇంకెవరైనా చూశారా అని అడిగాను. చూడలేదన్నాడు. వారం మధ్యలో గుడికి ఎవరూ రారు. రెండు పూటలా ఊడ్చి, ఆయనే తాళం వేసుకుని వెళ్ళిపోయేవాడు. మంగళవారం సాయంత్రం దాకా, తాళం వేసిన ఆ గుడిలో, ఖాళీ బల్లల వైపు తిరిగి, టీచరుగారి ఐరిస్ పూసే ఉంది.